వంటింటి నేలలో కౌజు పిట్ట

మాదబా ఊళ్ళో మా అమ్మ ఫద్వా పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. ఆ వంటింటి నేల నిజానికి పాతకాలపు చర్చి నేల. రంగురాళ్ళు పొదిగిన ఆ నేల కోసం ప్రభుత్వం ఇల్లు కొని, గోడలు తీసేసి, చుట్టూ తాడు కట్టింది. పెళ్ళయి అమ్మాన్ నగరం వచ్చేశాక అమ్మ అటు వెళ్ళనే లేదు. వెళ్తే పిట్ట కనపడదేమోనని భయం.

పిట్ట సంగతేమిటంటే, పిండి డబ్బా వెనక మూలలో చాప ఎత్తి, వాళ్ళమ్మ ఒకరోజు ఆ రంగురాళ్ళలో పొదిగిన కౌజు పిట్ట బొమ్మను చూపించి, "ఇది నీది" అందట. ఏడుగురు పిల్లలున్న ఇంట్లో అచ్చంగా అమ్మకంటూ దక్కింది అదొక్కటే. "కలగన్నావే" అంటూ అఫీఫ్ మావయ్య, ఆమె అన్న, యాభై ఏళ్ళుగా ఏడిపిస్తూనే ఉన్నాడు.

కిందటి శుక్రవారం ఇద్దర్నీ కారెక్కించాను. అమ్మకి దారంతా కాలు నిలవలేదు.

"పిట్ట ఎగిరిపోయుంటే ఏం చేస్తావే?" అన్నాడు మావయ్య.

"నీ నెత్తిన వాలుంటుందిలే. అక్కడ జుట్టు అడ్డమేం లేదుగా."

ఆ నేల దాకా వెళ్ళే రోమన్ల కాలపు రాతి వీధిని అమ్మ చూడనైనా లేదు. అరిగిన బండలమీద దాదాపు పరుగెత్తింది. ఆమె వెనక నేనూ పరుగందుకున్నాను. తాడు దగ్గర ఆగి, "అదిగో గుమ్మం. అక్కడ పొయ్యి. డబ్బా ఇక్కడ" అని చూపించింది. ఆ మూలంతా బూడిదరంగు దుమ్ము. మావయ్య నవ్వాడు.

అమ్మ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, వంగి గుమ్మరించింది.

కాపలా మనిషి పరుగున వచ్చాడు. "పెద్దమ్మా, నీళ్ళు పొయ్యకూడదు."

"చిన్నప్పుడు రోజూ కడిగిన నేల బాబూ ఇది. తడిస్తేగాని రంగు తేలదు. నువ్వూ చూడు."

తేలింది. ముందు ఎర్రటి కాలు, తర్వాత చారల రెక్క, ఆపైన కన్ను. కాపలా మనిషి కోప్పడ్డం మరిచిపోయి మా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. ఆనందంతో నాకు గట్టిగా అరవాలనిపించింది.

"ఇప్పుడు చెప్పు అన్నయ్యా."

మావయ్య తాడుమీదుగా వంగి పిట్టని చూశాడు.

"నిజమేనే. వారం వారం పిండి మూట మోసుకొచ్చి ఇక్కడ దింపింది నేనే. నాకెందుకు చూపించలేదే మనమ్మ?"

అమ్మ సీసాలో మిగిలిన నీళ్ళు ఆయన చేతికిచ్చింది.

"ఆరిపోతోంది. ఈసారి నీళ్ళు నువ్వు పొయ్యి."