చిన్నాయన దుకాణం మీద వీచిన గాలి

మొన్న కామారెడ్డిలో మా మనుమరాలు ఫోన్ పట్టుకొచ్చి, సూర్యునికీ మనకూ నడుమ ఒక ఉపగ్రహాన్ని నిలబెట్టిండ్రనీ, సూర్యుని నుంచి ఎడతెగకుండా వీచే రేణువుల గాలి ఎంత వేగంగా వస్తున్నదో అది ముందే పసిగట్టి కిందికి చెప్తదనీ, అంతకు మునుపు తోకచుక్కలు ఎటు పోతున్నా వాటి తోక సూర్యునికి వ్యతిరేక దిక్కుకే ఉండుడు చూసి ఆ గాలిని ఊహించిండ్రనీ చదివి వినిపించింది. ఆ గాలిని వాళ్లకంటే ముందు ఎల్లారెడ్డిలో పట్టింది నేనే అన్న. పిల్ల నోరు తెరిచింది.

పట్టిందీ లేదు, పాడూ లేదు. నేను విన్నది రేడియోలో ఒట్టి గరగర.

పెండ్లయిన కొత్తల నేను ఎల్లారెడ్డి బజార్ల మా చిన్నాయన రేడియో రిపేరు డబ్బాలో, అంటే రేకుల దుకాణంలో, పనిచేస్తుంటి. పక్కన దర్జీ భాయి కొడుకు గల్ఫ్‌లో ఉండె. అక్కడ యుద్ధం మొదలైనంక భాయి మిషన్ ఆపి, దూరదేశపు ఉర్దూ వార్తలకు చెవి ఆనించి కూర్చుంటుండె. ఆయన రేడియో మీట వదులైతే చిన్నాయన బిగించి ఇచ్చిండు. తెల్లారి చూస్తే హైదరాబాద్ స్టేషన్ గలగల వస్తున్నది, దూరపు స్టేషన్లు ఒక్కటీ లేవు. సరిచూద్దామంటే బజార్ల అవి వినేటోడు ఇంకొకడు లేడు.

“హైదరాబాద్ వస్తది, గదొక్కటే ఎట్ల పోతదన్నా? లోపలి సామాన్ ఏం చేసినవ్?” అన్నడు భాయి. కొడుకు మీది బెంగతో అన్న మాట అది, కానీ బజారు దాన్ని బెంగగా వినలేదు. పైన ఏదో అయినట్టుంది, రెండు దినాలు ఆగమని రేడియోను డబ్బాలోనే ఉంచుకున్నడు చిన్నాయన. పైన అంటే దేవుని దగ్గరనా అని చాయ్ హోటలంతా నవ్వింది. రెండు దినాలకు స్టేషన్లు వాటంతటవే వచ్చినయ్, అదే ఆయన కొంప ముంచింది. భయపడి తీసిన సామాన్ మళ్లా పెట్టిండన్నరు. గిరాకీ పోయింది. డబ్బాకు తాళమేసి మాచారెడ్డి దిక్కు కూలికి పోయిన మనిషి, సచ్చేదాక రేడియో ముట్టలేదు.

సూర్యుని గాలి గట్టిగ కొడితే, దూరపు స్టేషన్ల మాటను మన దిక్కు మలిపే ఆకాశపు పైపొర చెదిరిపోతదని, దగ్గరి హైదరాబాద్‌కు ఆ పొరతో పని లేదని ఫోన్ చెప్తున్నది. ఆ దినం జరిగింది అదేనని ఒట్టు పెట్టలేను, గాలి వీచిందని చెప్పేటోడు అప్పుడు ఎల్లారెడ్డిలో లేకపాయె. ఇప్పుడు ఫోన్ మూగబోతే సిగ్నల్ లేదని జేబులో వేసుకుంటరు, ఎవరినీ దొంగ అనరు. ఆ కాలంల రేడియో బ్యాండు తిప్పి స్టేషన్లు వెతికినోళ్లయితే మీకూ ఎరుకే, ‘సిగ్నల్ లేదు’ అనే ఆ ఒక్కమాట అప్పుడు మనకు లేదు.