మా వదిన నేర్పిన ఒసాకా యాస

మా ఆడబిడ్డ, నేను వదినా అని పిలిచే మనిషి, చనిపోయింది. ఆత్మకూరు నుంచి ఫోనొచ్చేసరికి నేను ఉదయగిరిలో బస్సెక్కుతున్నాను, ఆమెను చూడ్డానికే.

పోయినవాళ్లను పొగడటం మన ఆచారం. నాకు ఆచారాల మీద నమ్మకం లేదు కాబట్టి ఉన్నదే రాస్తాను. ఆమె అంటే నాకు కుళ్లు. ఈరోజుకీ ఉంది.

ఆమె ఒసాకాలో ఒక వృద్ధాశ్రమంలో చాన్నాళ్లు పనిచేసి వచ్చింది. నా కూతురికీ ఆ ఊళ్లోనే అలాంటి పని కుదిరిందనగానే నేను మండిపడ్డాను. మన పిల్లలకు ఇక్కడ పని చూపించలేని ప్రభుత్వాలు పరాయి దేశపు ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టడానికి పంపుతాయా అని వ్యాసం రాశాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. వదిన చదివి, "బాగా రాసినావు. ఆ ముసలాయనకు దాహమైతే పిల్ల నీ వ్యాసం తాగించాల్నా?" అనింది.

పిల్లకు జపనీసు పాఠం చెప్పాలంటే వదిన తానే మంచమెక్కి దుప్పటి కప్పుకునేది. పిల్ల గంజి గిన్నె పట్టుకుని, పుస్తకంలో ఉన్నట్టు మర్యాదగా "సుమిమాసెన్", అంటే ఏమండీ, అని పిలవాలి. ఈమె మూతి తిప్పుకుని "అకన్!" అనేది. వద్దు పో అని, ఒసాకా యాసలో. బతిమాలించుకుని ఒక చెంచా మింగి, "ఓకినీ" అనేది. అక్కడి పెద్దవాళ్ల థాంక్సు అదట.

"పుస్తకంలో అరిగాతో అని ఉండాదే అత్తా?"

"ఉంటే ఉండనీ పిల్లా. నొప్పిలో ఉండే మనిషికి ఊరి మాటే వస్తాది. మీయమ్మ కోపమొచ్చినప్పుడు గ్రాంథికంలో తిడతాదా?"

ఇద్దరూ విరగబడి నవ్వేవాళ్లు. యాసల గౌరవం కోసం వేదికలెక్కి గొంతు చించుకున్నదాన్ని నేను. నా కూతురు ఒక్క సభకూ రాలేదు. ఆ మంచం దగ్గర మాత్రం పూటలకు పూటలు కూర్చునేది. ఒసాకా వెళ్లాక ఫోన్లు కూడా ముందు అత్తకే. నాకు మిగిలేది "తిన్నా, బాగుండానమ్మా".

పోయిన నెల వదిన నిజంగానే మంచం పట్టింది. ఎవరడిగినా, డాక్టరడిగినా, "బాగుండానులే" అనే జవాబు. ఆమె చేతిలో బలం లేక, వీడియో కాల్ వస్తే నేనే ఫోను పట్టుకున్నాను. తెర మీద నా కూతురు. వదిన మెల్లగా "శిందోయ్" అనింది. పిల్ల ముఖం మారిపోయింది.

"ఏందే? ఏమంటా ఉండాది?"

"చేతగావడంలేదు అంటా ఉండాదమ్మా."

మాకెవరికీ చెప్పని మాట.

ఆ తర్వాత ఇద్దరూ జపనీసులోనే మాట్లాడుకున్నారు. ఒక్క ముక్క నాకర్థం కాలేదు. పిల్ల నా వైపు చూడలేదు. మధ్యలో ఒకసారి వదిన నవ్వింది కూడా. నా చెయ్యి లాగుతోంది. మోచెయ్యి మోకాలికి ఆనించుకుని, ఫోను ఆమె ముఖానికి ఇంకొంచెం దగ్గరగా జరిపాను.