గిద్దలూరు ఫైనల్‌పై నేను రాసిన వార్త

చిన్న వార్త. పేపర్లో అరచేతి వెడల్పు చోటు కూడా పట్టలేదు. దాని బరువు మాత్రం ఇన్నేళ్లుగా మోస్తున్నాను. కింద నా పేరు లేదు. మా పత్రికలో నాలాంటి ఊరి కంట్రిబ్యూటర్ల పేర్లు వేయరు. అందుకే రాసిందెవరో ఎవరికీ తెలియదు. తెలియదనే అనుకుంటున్నాను. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఆ నవ్వు వెనక ఏముందోనని ఇప్పటికీ వెతుకుతాను. మీరెవరో నాకు తెలియదు. ఆ ధైర్యంతోనే మీకు చెబుతున్నాను.

మార్కాపురంలో ఆటల వార్తలు రాసేవాణ్ణి. మా వైపు అప్పటిదాకా ఆటల కోసమే తిరిగే విలేకరి లేడు. త్రిపురాంతకంలో ఎద్దుల బండలాగుడైనా, వెలిగండ్లలో వాలీబాల్ అయినా మోపెడ్ మీద పోయి, దుమ్ములో నిలబడి చూసి, రాసిన కవరు ఒంగోలు బస్సు డ్రైవరు చేతిలో పెట్టేవాణ్ణి. జనం 'ఆటల విలేకరి' అని పిలిచేవాళ్లు. ఆ పిలుపంటే నాకు పిచ్చి.

ఓబులేసుకు పేరు తెచ్చింది నేనే. అలాగే అనుకునేవాణ్ణి. అతనిది కొనకనమిట్ల దగ్గర పల్లె. కబడ్డీలో కూతకు వెళ్లాడంటే ఖాళీ చేతులతో తిరిగొచ్చేవాడు కాదు. 'మెట్ట చిరుత' అని రాశాను. జనం ఆ పేరుతోనే కేకలు వేశారు. ఒకసారి అతనికి సన్మానం చేశారు. మైకు పట్టుకుని కోచ్‌కు, ఊరి పెద్దలకు, బనియన్లు కొనిచ్చిన దుకాణం శెట్టికి దండాలు చెప్పాడు. ముందు వరసలో ఉన్న నా పేరు ఎత్తలేదు. మరిచిపోయాడా? కావాలనే వదిలేశాడా? ఇంత చిన్న దానికా అని మీకు నవ్వు రావచ్చు. నాకు రాలేదు.

ఆ వేసవిలో గిద్దలూరులో కబడ్డీ పోటీల ఫైనల్. ఆటకు ముందు ఓబులేసు ఒక జీపులో కూర్చుని కనిపించాడు. అవతలి జట్టుకు ఖర్చు పెట్టే కాంట్రాక్టరు జీపు అది. దగ్గరికి వెళితే, కాలి చీలమండ ఉబ్బిపోయి ఉంది. వాళ్ల దగ్గరున్న నొప్పుల స్ప్రే కొట్టించుకుంటున్నాడు.

"కాలు మడతబడిందన్నా. ఇది మాత్రం రాయొద్దు. జిల్లా సెలక్షన్లు ఉండాయి" అని బతిమాలాడు.

సరేనన్నాను.

చివరి కూతలో పక్క గీత దాటి బయట పడిపోయాడు. జట్టు ఓడింది. జనం చెవులు కొరుక్కున్నారు. నేను బస్టాండులో కూర్చుని రాశాను. ఫైనల్ మీద అనుమానాలున్నాయని, ఓడిన జట్టు ప్రధాన ఆటగాడు ఆటకు ముందు అవతలి వాళ్ల జీపులో కనిపించాడని. ఒక్క ముక్క అబద్ధం లేదు. కాలి సంగతి రాయలేదు. రాయొద్దని అతనే అడిగాడు కదా? మాట నిలబెట్టుకున్నాను కదా? అలా సర్దిచెప్పుకున్నాను. అతని మీద నాకు నిజంగానే కొంచెం అనుమానం ఉండిందేమోనని ఇన్నేళ్లుగా లోపలంతా తవ్వి చూసుకున్నాను. ఉండి ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. లేదు.

వార్త వచ్చాక ఓబులేసు కుంటుకుంటూ మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, ఊర్లో ఎవురూ మాట్లాడ్డంలే. అమ్ముడుబోయినానంటన్నారు. కాలు బాగలేకపాయనంటే, ఇప్పుడు చెప్తాండావేందిరా అంటన్నారు. మా నాయన గూడా నమ్మల్యా. నువ్వు చూసినావు గదా నా కాలు. ఒక్క మాట చెప్పన్నా, చాలు."

"నేను సరిగ్గా చూళ్ళేదబ్బాయా" అన్నాను.

నా మొహంలోకి చూశాడు.

"అట్లనా? సరేలే అన్నా. ఎవురు రాసినారో గాని, నా కాలు చూసుంటే రాసుండరు."

అమాయకంగా అన్నాడా? తెలిసే అన్నాడా? ఆ మాటను ఎన్ని వైపుల నుంచి తిప్పి చూసినా నాకు అంతు చిక్కలేదు.

జిల్లా జట్టుకు అతణ్ణి పిలవలేదు. ఊరి జట్టూ పక్కన పెట్టింది. కొన్నాళ్లకు ఆటే మానేశాడు. ఇప్పుడు మార్కాపురంలో ఆటో నడుపుతున్నాడు. నన్ను చూస్తే ఆపి "ఎక్కన్నా" అంటాడు. అద్దంలోంచి నన్నే గమనిస్తున్నాడేమోనని దారి పొడవునా బయటికి చూస్తూ కూర్చుంటాను.

మొన్న దిగేటప్పుడు అన్నాడు. "మా పాప గూడా కబడ్డీ ఆడతాందన్నా. దాని గురించి నువ్వే రాయాల."

నువ్వే అని ఎందుకన్నాడు? నమ్మకమా, పరీక్షా? అనుమానంతోనే వెళ్లి చూశాను. ఆ పిల్ల తండ్రికంటే చురుగ్గా ఆడింది. గెలిచి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "బాగా ఆడినానా పెదనాయనా?" అని అడిగింది. తలూపాను.

ఇంటికొచ్చి వార్త రాయబోతే చెయ్యి సాగలేదు. ముందు ఇది రాయాల్సి వచ్చింది. ఓబులేసు అమ్ముడుపోలేదు. అది తెలిసే నేను రాశాను. ఈ మాట అతని ఎదుట అనగలనా? నా మీద నాకే నమ్మకం లేదు. కానీ కాగితం మీద ఈ మాటలు పడ్డాక, కలం పక్కన పెట్టి, చాలాసేపు ఊరికే ఊపిరి పీల్చుకుంటూ కూర్చున్నాను.