కవర్లో సముద్రపు చేప

మా ఇంటి ఉప్పునీటి అక్వేరియంలో మిగిలిన ఒక్క చేపను కవర్లో పెట్టుకుని, దుకాణంలో తిరిగి ఇచ్చేద్దామని చేవెళ్లలో బస్సెక్కాను. నెలలోనే మూడు చేపలు చచ్చిపోయాయి, పగడాలు తెల్లబడ్డాయి. నాకిక ఓపిక లేదు. పక్క సీట్లో బంతినారు గంప ఒళ్లో పెట్టుకుని ఒక అవ్వ కూర్చుంది.

"చాపను ఏడికి తీస్కపోతున్నవ్ బిడ్డా?"

"వాపస్ ఇస్త అవ్వా. నా చేతిల బతుకుతలేవు. రోజూ నీళ్లు మార్చిన, మందులు పోసిన."

"రోజూనా? మేం నారు నాటినంక కొన్ని దినాలు కదుపం. దాన్ని జర కుదురుకోనిచ్చినవా?"

ఆమె మొయినాబాద్‌లో దిగింది. నేనూ దిగి, చేవెళ్ల బస్సు కోసం రోడ్డు దాటాను.

చేపను మళ్లీ అక్వేరియంలో వదిలి, తర్వాతి నెలంతా మేత వేస్తూ, ఉప్పు ఆవిరి కాదు గనుక ఆవిరైనంత మేరకు మంచినీళ్లు పోశాను, అంతే. చెయ్యి పెట్టకుండా ఉండటమే కష్టమైంది. ఆ చేప ఆరేళ్లు బతికింది.