అంపైరు లెక్కపెట్టిన మూతలు

ఉత్తర ఇంగ్లండులోని మా లోయలో క్లిఫర్డ్ అక్రాయిడ్ అంపైరుగా నిలబడితే బౌలర్లు గొంతు చించుకుని అప్పీలు చేసేవారు కాదు. చేసినా దండగే. ఒకసారి సొంత బావమరిదికే మొదటి బంతికి వేలెత్తాడు. పెళ్ళాం చాలా రోజులు మాట్లాడలేదు. "బంతి ప్యాడ్‌కి తగిలింది. వాడు ఎవరి తమ్ముడైతే వికెట్లకేంటి?" అన్నాడట. తెల్లకోటు కుడి జేబులో ఆరు సీసా మూతలు వేసుకుని, బంతికొకటి చొప్పున ఎడమ జేబులోకి మార్చేవాడు. ఆ లెక్క తప్పడం ఎవరూ చూడలేదు. అందుకే మా కార్మికుల క్లబ్బులో క్రిస్మస్ మూతలు లెక్కపెట్టే పని కూడా అతనికే అప్పగించారు.

ఆ మూతల సంగతి చెప్పాలి. క్రిస్మస్ వారంలో దేశమంతా ఏ పాట రికార్డు ఎక్కువ కొన్నారో రేడియోలో చెబుతారు. ఆ నంబర్ వన్ ఏదవ్వాలని ఊరూరా కొట్టుకుంటారు. మా వాళ్ళకు ఆ లెక్క మీద నమ్మకం లేదు. లండన్ పిల్లకాయలు కొన్నదాన్ని మనమెందుకు నెత్తిన పెట్టుకోవాలని క్లబ్బుకు సొంత నంబర్ వన్ పెట్టుకున్నారు. బార్ బల్ల మీద పాటకొక గాజు జాడీ ఉంటుంది. సీసా బీరు కొన్నవాళ్ళ చేతిలో నేను మూత పెడతాను, నచ్చిన జాడీలో వేస్తారు. గెలిచిన పాట క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం, నాణెం వేస్తే పాడే పాటల పెట్టెలో మోగుతుంది. అది అయ్యేదాకా ఎవరూ కూర్చోకూడదు, గ్లాసు ముట్టకూడదు. ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు చదివేది కూడా ఆ పాటకు ముందే. కాబట్టి ఇదేదో పిల్లలాట అనుకోకండి.

నా పేరు నోరీన్. ఆ బార్ వెనక నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయినదాన్ని. ఎనభై ఐదులో ఎవడో ఇంటినుంచి సంచెడు మూతలు తెచ్చి ఒక జాడీలో కుమ్మరించాడు. నాకు ఒళ్ళు మండింది. మరుసటి ఏడు నేనిచ్చే ప్రతి మూత మీదా నా గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టాను. చుక్క లేని మూత దొరికితే చెల్లదని జాడీల పక్కన అట్ట మీద రాసి పెట్టాను కూడా.

ఆ ఏడు గొడవంతా క్లిఫర్డ్‌కీ, హోరేస్ ఓగ్డెన్‌కీ మధ్యే. హోరేస్ నూలు మిల్లులో పత్తి దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న మనిషి. క్లబ్బు మెట్లెక్కాలంటే మధ్యలో ఆగి ఆగి ఎక్కేవాడు. ఇద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ పుట్టి పెరిగారు. హోరేస్ ఏటేటా ఒకే పాట నిలబెట్టేవాడు. "గడియ వెయ్యకమ్మా" అని ఒకావిడ నిదానంగా పాడిన పాట. ఎప్పుడూ గెలిచింది లేదు. అతని అన్న విల్ఫ్ ఓడలో పనికి వెళ్ళి తిరిగి రాలేదు. వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ క్రిస్మస్ ముందురోజు తలుపు గడియ తీసే ఉంచేది. "ఓగ్డెన్ వాళ్ళింట్లో చలిగాలి దూరింది, వడ్రంగిని పిలవండి" అని వీధి పిల్లలు ఆ తల్లిని ఏడిపించేవారు. ఆ పిల్లల్లో క్లిఫర్డ్ కూడా ఉన్నాడు.

"గంటలు లేనిది క్రిస్మస్ పాటేంట్రా?" అన్నాడు క్లిఫర్డ్ ఆ డిసెంబరులో. అతను నిలబెట్టింది "మంచుబండి వచ్చె" అనే గోల పాట.

"జన్మంతా బడిలో బాయిలరు చూసుకుంటూ గంటలు విన్నావుగా. ఇంకా మోజు తీరలేదా?" అన్నాడు హోరేస్.

పక్క బల్ల దగ్గర బెరిల్ అందుకుంది. "నాకైతే పాట వింటుంటే గ్రేవీలో కన్నీళ్ళు పడాలి. ఈసారి నా మూత హోరేస్‌కే."

"నీకు ఉల్లిపాయ తరిగినా వస్తాయి కదా బెరిల్," అన్నాడు క్లిఫర్డ్.

"మా అత్త పోయినప్పుడు రాలేదులే."

హాలంతా నవ్వింది. క్లిఫర్డ్‌కు ఓడిపోతున్నట్టు అనిపించిందేమో, గొంతు పెంచాడు. "అసలా పాటలో క్రిస్మస్ అన్న మాటే లేదు. రూలు రూలే."

"పశువుల పాకలో పుట్టినాయనకి మాత్రం ఆ మాట తెలుసా ఏంటి?" అన్నాడు హోరేస్.

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. క్లిఫర్డ్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడ్డాడు. "అది పాట కాదురా, చలిగాలి. వడ్రంగిని పిలవండి. అది గెలిస్తే నేను మళ్ళీ ఈ గుమ్మం తొక్కను."

వడ్రంగి మాటకు జనం బల్లలు చరిచి నవ్వారు. వాళ్ళకు ఆ తల్లి సంగతి తెలియదు. హోరేస్ కూడా నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగింది. తర్వాత మూత వెయ్యడానికి బార్ బల్ల దగ్గరికొచ్చి, అక్కడే నిలబడ్డ క్లిఫర్డ్‌కు మాత్రం వినపడేలా అన్నాడు. "ఈ ఒక్కసారి గెలవాలనుందిరా. వచ్చే ఏడు ఈ మెట్లు నేనెక్కను." నేను పక్కనే గ్లాసులు తుడుస్తున్నాను. నాకూ వినపడింది.

ఆదివారం సాయంత్రం క్లిఫర్డ్ వెనక గదిలో ఒక్కడే కూర్చుని లెక్కపెట్టి వచ్చాడు. "మంచుబండి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. హోరేస్ గ్లాసెత్తి, "అంపైరు మాటే మాట" అన్నాడు. క్రిస్మస్ ముందురోజు ఆ గోల పాట మోగినంతసేపూ కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోరా అని బెరిల్ బతిమాలినా కూర్చోలేదు.

మే నెలలో క్రికెట్ మొదలైంది. మొదటి మ్యాచ్‌లోనే క్లిఫర్డ్ ఐదు బంతులకే ఓవరన్నాడు. బౌలరు నోరు తెరిచాడు. కాసేపటికి ఇంకో ఓవరులో ఏడు వేయించాడు. ఇక గుసగుసలు మొదలయ్యాయి. టీ విరామంలో నేను శాండ్‌విచ్‌లు పట్టుకెళ్ళేసరికి పెవిలియన్ వెనక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కోటు జేబులు రెండూ ఒళ్ళో బోర్లించాడు. ఆరు కాదు, గుప్పెడున్నాయి మూతలు. ప్రతిదాని మీదా నా ఎర్ర చుక్క.

ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. "ఇవి ఏ జాడీలోవి క్లిఫర్డూ?"

"హోరేస్‌వి."

"గెలిచింది ఆ పాటేనా?"

తలూపాడు. "పారేద్దామనే చూశా నోరీనూ. కాలవ దాకా వెళ్ళా. చెయ్యి రాలేదు. కనీసం బంతులన్నా లెక్కపెడదామని జేబులో వేసుకున్నా. ఒక్కోటి తీస్తుంటే వాడి దగ్గు వినపడతంది."

తిట్టాలనే నోరు తెరిచాను. నలుగురిలో ఇచ్చిన మాట కోసం చావుకు దగ్గరైనవాడి కోరిక జేబులో వేసుకుంటావా అని అడగాలనుంది. అతని మొహం చూశాక శాండ్‌విచ్ పళ్ళెం పక్కన పెట్టి బెంచీ మీద కూర్చున్నాను.

"జన్మంతా జనాన్ని ఔటనడమే తెలిసింది నాకు," అన్నాడు. "ఔటవడం తెలీలేదు."

"వెళ్ళి వాడితో చెప్పు."

"చెప్పను. వచ్చే డిసెంబరుకి ఆ పాటని గెలిపించి ఇస్తా వాడికి."

ఆ రోజే తెల్లకోటు విప్పేశాడు, మళ్ళీ తొడుక్కోలేదు. డిసెంబరు రాగానే బల్లబల్లకూ తిరిగాడు. ఎన్నడూ ఎవరికీ సీసా కొనిపెట్టని మనిషి కొనిపెట్టాడు. "ఒక్కసారి మనసుపెట్టి వినండర్రా" అని పాటల పెట్టెలో ఆ పాట వేశాడు. మొదటి చరణం అయ్యీ అవకముందే వెనక బల్ల నుంచి ఎవడో అరిచాడు, "వడ్రంగిని పిలవండి" అని. హాలు ఘొల్లుమంది. మర్నాడూ అదే. ఆ మాట ఏడాదిలో క్లబ్బుకు సామెత అయి కూర్చుంది, గాలి వీచి తలుపు కొట్టుకున్నా అదే అంటున్నారు. "ఆ మాట ఆపండ్రా" అని క్లిఫర్డ్ బతిమాలితే, "నువ్వు నేర్పిందేగా పెద్దాయనా" అన్నారు. తన నోటితో తనే పాతిపెట్టాడు ఆ పాటని. హోరేస్ జాడీ అడుగు కూడా నిండలేదు. బెరిల్ మూత, నా మూత, క్లిఫర్డ్ మూతలు, అంతే.

హోరేస్ అప్పటికే మంచం దిగడం మానేశాడు. ముందు గదిలో మంచం వేశారు. లెక్క తేలిన మర్నాడు మధ్యాహ్నం క్లిఫర్డ్ నన్ను తోడు రమ్మన్నాడు. హోరేస్ దుప్పటి మీద ఆ గుప్పెడు మూతలూ పోసి, నిలబడే మొత్తం చెప్పాడు. ఎక్కడా కప్పిపుచ్చలేదు. "నువ్వే గెలిచావురా. నేను దొంగిలించా. తెలిసే చేశా. మీ అమ్మ మాటా తెలిసే అన్నా." అంతవరకూ చెప్పి ఏడ్చాడు. అతను ఏడవగా నేను చూడ్డం అదే మొదలు.

హోరేస్ చాలాసేపు మూతలు వేళ్ళతో కదుపుతూ ఊపిరి కూడదీసుకున్నాడు.

"పిచ్చోడా, నేను మాత్రం తిన్నగా ఆడాననుకున్నావా?" అన్నాడు. "ఇంటినుంచి రెండు గుప్పెళ్ళ మూతలు తెచ్చి నా జాడీలో వేశా. నోరీన్ అటు తిరిగినప్పుడు. నువ్వు తీసింది నేను దొంగగా వేసిందే. లెక్క సరిపోయింది, పో."

క్లిఫర్డ్ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"టీ తాగి వెళ్ళండి," అన్నాడు హోరేస్. తాగాం. క్రికెట్ మాటలేవో మాట్లాడుకున్నాం. లేస్తుంటే, "గడియ వెయ్యకండి, నర్సమ్మ వచ్చే వేళయింది" అన్నాడు.

బయటికొచ్చి క్లిఫర్డ్ తలుపు చేరవేసి, గడియ మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాడు. చలికి నా పళ్ళు కొట్టుకుంటున్నాయి. "ఇంక వదిలెయ్. వాడు క్షమించాడుగా," అన్నాను.

"ఆ జాడీలో చుక్క లేని మూత ఒక్కటి లేదు నోరీనూ," అన్నాడు. "లెక్కపెట్టింది నేనేగా."