కౌంటర్ మీద మెత్తబువ్వ

అది 1971. బోధన్‌లో చెరకు క్రషింగ్ జోరుగా నడుస్తున్న జనవరి నెల. ఫ్యాక్టరీకి పోయే బాటలో మా సహకార స్టోర్ ఉండేది. బజారు కంటే కిలోకు నాలుగు పైసలు తక్కువకు ఇస్తాం గనుక ఊరంతా దాన్ని సస్తా దుకాణం అనేది. కౌంటర్‌లో తూకం నాది, వెనక గోడౌన్‌లో బస్తాల లెక్క కూడా నాదే. ఏడో తరగతిలో నేను బడి మానేసిన రోజు మా సారు నన్ను ఆపలేదు సరికదా, గేటు దాకా వచ్చి సాగనంపాడు. అట్లాంటి నాకు ఇంత బాధ్యత అప్పగించారంటే స్టోర్‌లో మనుషులు ఎంత తక్కువో మీరే ఊహించుకోండి.

సస్తా దుకాణానికి వచ్చేవాళ్లది ఒక తీరు. బజారులో షావుకారు ఎంత చెబితే అంత ఇచ్చి తలవంచుకుని పోయే మనిషి, మా దగ్గరికి రాగానే పోలీసు జవానైపోతాడు. "గింత తక్కువకు ఎట్ల ఇస్తరు? ఏం కలిపిండ్రు?" అని పప్పు కొరికి చూస్తాడు, బెల్లం నాకి చూస్తాడు. ఒకాయన సబ్బు వాసన చూసి, తృప్తి లేక, అంచు కొంచెం కొరికి కూడా చూశాడు. "ఉప్పు తక్కువైందా పటేలా?" అని అడిగితే నెల రోజులు నా మొహం చూడలేదు. మాటలతో నవ్వించి సరుకు అమ్మడమే నాకు వచ్చిన విద్య. ఎవరైనా ఫిర్యాదుతో వస్తే, వాళ్ల నోరు తెరుచుకునేలోపే పదిమందిని నవ్వించి పంపేసేవాణ్ణి.

రాజవ్వను మాత్రం పంపలేకపోయాను.

ఆమె ఫ్యాక్టరీ గేటు దగ్గర మెస్ నడిపేది. సీజన్‌లో పనికి వచ్చే ఫిట్టర్లు, కూలీలు ఇరవై ఇద్దరు ఆమె దగ్గర రెండు పూటలా తినేవాళ్లు. ఆ నెలకు సరిపడా రెండు బస్తాల పాత బియ్యం మా దగ్గరే కొన్నది. కొన్న నాలుగో రోజు, శనివారం పొద్దున, స్టోర్ నిండా జనం ఉన్నప్పుడు వచ్చి, కొంగు చాటు నుంచి ఒక గిన్నె తీసి కౌంటర్ మీద ఠక్కున పెట్టింది.

"తమ్మీ, ఇది తిను."

"ఏందక్కా, దావత్‌కు పిలుస్తవనుకుంటే దావతే దుకాణానికి తెచ్చినవా?" అంటూ మూత తీశాను. లోపల అన్నం లేదు. అన్నం పోలికలున్న ముద్ద ఒకటి ఉన్నది. "అక్కా, గిది బువ్వనా, గోడకు పోస్టర్లు అంటువెట్టే లయి పిండా?"

జనం నవ్వారు. ఆమె నవ్వలేదు.

"గదే నిన్ను అడుగుతున్న. నీ దుకాణం బియ్యమే ఇవి."

"బియ్యానిదేం తప్పు? ఎసట్ల నీళ్లు ఎక్కువ పోసినవు. ఫ్యాక్టరీ కూత ఇనుకుంట కూసుంటే పొయ్యి మీద గిట్లనే ఐతది."

మళ్లీ నవ్వారు. రాజవ్వ ఆ నవ్వులు ఆగేదాకా నిలబడి, నెమ్మదిగా అన్నది.

"మా ఆయన పోయినంక పదేండ్ల సంది గా పొయ్యే నన్ను సాకుతున్నది. నాలుగు దినాల సంది గిదే ముద్ద పెడుతున్న. దెగ్లూర్ ఫిట్టర్ సోమారం సంది బస్‌స్టాండ్ కాడి మెస్‌కు పోతనంటున్నడు. ఆయన పోతే ఆయనెంబడి తొమ్మిది మంది పోతరు. తొమ్మిది మంది పోతే నా మెస్ మూసుడే. నువ్వు ఇంకో మాట చెప్పి నవ్విపియ్యి."

గొడవ విని మా మేనేజర్ ఖాదర్ సాబ్ లోపలి నుంచి వచ్చారు. బోధన్‌లో తరతరాలుగా ఉన్న వ్యాపారుల ఇంటి మనిషి. ముక్కు మీది కళ్లద్దాలు సర్దుకుని గోడ మీది బోర్డు చూపించారు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని దాని మీద రాసి ఉన్నది.

"అమ్మా, రూల్ ఉన్నది. మేమేం చేస్తం?"

"నేను వాపసు అడుగుతలేను సాబ్. మీ బస్తాలకెల్లి మీ చేతులతోనే పిడికెడు ఉడుకవెట్టండ్రి. బువ్వ మంచిగైతే నా గిన్నె పట్టుకొని నేను పోత."

న్యాయంగానే ఉందనిపించింది. చాయ్ కాచుకునే కిరోసిన్ స్టవ్ కౌంటర్ మీదికి తెచ్చాను. మా పద్ధతి ఒకటి చెప్పాలి. బస్తాలను ఒకదాని మీద ఒకటి వరుసగా పేర్చేటప్పుడు, పాత బియ్యం బస్తాకు ఎర్రగీత, కొత్త బియ్యానికి పచ్చగీత పూసేవాళ్లం. వండితే పాతవి పొడిపొడిగా విచ్చుకుంటాయి, అప్పుడే కోసి మర పట్టించిన కొత్తవి అంటుకుంటాయి. ఎర్రగీత బస్తా ఒకటి ఎంచి, రెండు పిడికిళ్లు తీసి, నీళ్లు కొలిచి పోసి, గెలిచేది నేనే అన్న ధీమాతో నిలబడ్డాను. కొనడానికి వచ్చినవాళ్లెవరూ కదల్లేదు. ఒకామె అయితే సంచి కింద పరుచుకుని కూర్చున్నది.

మూత తీశాను. రాజవ్వ గిన్నెలోని ముద్దకు తోబుట్టువు.

"నీళ్లు ఎక్కువైనట్టున్నయి తమ్మీ," అన్నది రాజవ్వ. ఈసారి జనం నన్ను చూసి నవ్వారు.

పరువు దక్కించుకోవాలని ఇంకో ఎర్రగీత బస్తా నుంచి తీసి మళ్లీ వండాను. అది మల్లెమొగ్గల్లాగా విడివిడిగా వచ్చింది. గీత ఒకటే, అన్నాలు రెండు. ఏం మాయ ఇది అని గోడౌన్‌లోకి పోయి ఆ రెండు బస్తాలను పక్కపక్కన పెట్టి చూశాను. రెండో దాని మూతి మిల్లులో మిషన్ మీద కుట్టింది. మొదటి దాని మూతి సుతిలి తాడుతో వంకరటింకరగా కుట్టి ఉన్నది. బోధన్‌లో అంత వికారంగా కుట్టేవాడు ఒక్కడే. నేనే.

అప్పుడు గుర్తొచ్చింది. రెండు వారాల కింద కొత్త బియ్యం బస్తాలను ఎలుకలు కొరికాయి. గింజలు కారిపోతున్నాయని ఖాళీ సంచుల్లోకి మార్చి కుట్టాను. ఆ సంచులు పాత బియ్యంవి. వాటి మీది ఎర్రగీత మాసిపోయేలా రంగు పూయాలనుకున్నాను కానీ, ఎవరితోనో ముచ్చట్లలో పడి మరిచిపోయాను.

మెల్లగా ఇంకో కథ అల్లేసి బయటపడొచ్చని ఒక నిమిషం అనిపించిన మాట నిజం. తిరిగి కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి రాజవ్వ తన గిన్నెను కొంగుతో తుడుచుకుంటూ నిలబడి ఉన్నది.

"అక్కా, తప్పు నాది," అన్నాను, అందరూ వినేటట్టే. "ఎలుకలు కొరికిన కొత్త బియ్యం ఎర్రగీత సంచులల్ల నింపిన. నిన్ను ఉత్తగనే బద్నాం చేసిన."

"ఎన్ని బస్తాలు నింపినవ్ మియా?" అన్నారు ఖాదర్ సాబ్.

"లెక్క యాదికి లేదు సాబ్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అదే ఆయన తిట్టు. రాజవ్వ మాత్రం చీర కుచ్చిళ్లు దోపుకుని గోడౌన్‌లోకి నడిచింది. మధ్యాహ్నం దాకా నేను ఒక్కో బస్తా నుంచి గింజలు తీసి ఇవ్వడం, ఆమె పంటికింద పెట్టి కొరకడం. టక్కున విరిగితే పాతది. పిండిలా నలిగితే కొత్తది. నలిగినవన్నీ సుతిలి కుట్టువే, ఏడు తేలాయి. ఆమె కొన్న రెండూ కలిపితే తొమ్మిది.

"వీటిని పారేస్తరా ఏంది?" అన్నది. "కొత్త బియ్యమని చెప్పే అమ్ముండ్రి. సకినాల పిండికి ఆడోళ్లు గివే దేవులాడుతరు."

అట్లాగే పచ్చగీత పూసి ముందువరుసలో పెట్టాం. వారంలో అయిపోయాయి. ఖాదర్ సాబ్ ఆమె రెండు బస్తాలకు వాపసు చీటీ తన చేత్తో రాశారు. నేను బోర్డు వైపు చూస్తే, "అది మంచి సరుకుకు రాసిన రూల్ మియా, నీ కుట్టుకు కాదు," అన్నారు. ఆ తర్వాత కొత్త స్టాక్ దిగినప్పుడల్లా పిడికెడు వండి కౌంటర్ మీద పళ్లెంలో పెట్టేవాళ్లం. జనం వేళ్లతో నలిపి చూసి కొనేవాళ్లు. కొందరు నలపడంతో ఆపక పప్పు ఉందా అని కూడా అడిగేవాళ్లు.

ఇదంతా తర్వాతి మాట. అప్పటికి ఫిట్టర్ పోతానన్న సోమవారానికి ఇంకా ఒక్క రోజే ఉన్నది. ఆదివారం ఉదయమే మిషన్ కుట్టు బస్తాలు రెండు బండి మీద వేసుకుని మెస్‌కు పోయాను. మధ్యాహ్నం రాజవ్వ నన్ను కూడా వరుసలో కూర్చోబెట్టింది. నా ఎదురుగానే మహారాష్ట్ర నుంచి వచ్చిన ఆ దెగ్లూర్ ఫిట్టర్, ఇంత పెద్ద మీసాల మనిషి. కూర్చుంటూనే మరాఠీలో, "మావశీ, ఆజ్ పణ్ గిచ్కా?" అన్నాడు. ఇవ్వాళ కూడా ముద్దేనా పిన్నీ అని. ఆమె వడ్డించింది. అతను కొంచెం అన్నం వేళ్లతో ఎత్తి వదిలాడు. గింజ గింజగా పళ్లెంలో రాలింది. నేను నా అన్నం కలపడం మరిచిపోయి చూస్తున్నాను. అతను వంచిన తల ఎత్తకుండా తిని, పళ్లెం ముందుకు జరిపాడు.

"ఆణ్ఖీ వాఢ్, మావశీ." ఇంకా పెట్టమని.

"రేపు బస్‌స్టాండ్‌కు పోతనంటివి గద?" అన్నది గరిటె పట్టుకుని.

"పోతా. బస్ ఎక్కుతా. సీజన్ అయినాక," అన్నాడు తనకొచ్చిన తెలుగులో.

వరుసంతా ఘొల్లుమన్నది. రాజవ్వ పక్కకు తిరిగి కొంగుతో మొహం తుడుచుకున్నది, పొయ్యి వేడికి అన్నట్టు.

ధర తక్కువని వచ్చేవాళ్లు సరుకు కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటారని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. బజారులో కొనేవాడికి ఒక బస్తా చెడితే ఇంకో బస్తా తెచ్చుకునే తాహతు ఉంటుంది. నాలుగు పైసలు మిగులుతాయని మైలు నడిచి మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఆ రెండో బస్తా ఉండదు. అందుకే సబ్బు కూడా కొరికి చూస్తారు. ఆ తర్వాత కూడా నేను జోకులు మానలేదు, మానడం నా వల్ల అయ్యే పని కాదు. కాకపోతే ఎవరైనా ఫిర్యాదుతో వస్తే, ముందు గోడౌన్‌లోకి పోయి నా కుట్టు చూసుకుని వచ్చి, ఆ తర్వాతే నోరు తెరిచేవాణ్ణి.