ఎడమకి తిరగండమ్మా

ఇంట్లో పేరు కార్డెల్. పాటలకి పెట్టుకున్న పేరు లిల్ లెవీ, అంటే చిన్న కరకట్ట. పద్దెనిమిదేళ్ళ వయసులో, ఎముకల గూడులా ఉన్న రోజుల్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు నలభై దాటాయి. గదిలోకి ముందు పొట్ట వస్తుంది, తర్వాత మనిషి వస్తాడు. పేరు మాత్రం మారలేదు.

"లిల్ అట, లిల్! నువ్వు కూర్చున్న ఆ కుర్చీని అడుగు, ఎంత లిల్లో చెబుతుంది" అంటుంది ఎర్లీన్ పెద్దమ్మ.

తల్లి పోయాక అతన్ని పెంచింది ఈ పెద్దమ్మే. ఆదివారం చర్చి గుమ్మంలో తెల్ల గ్లౌజులు వేసుకుని నిలబడి, ఎవరెక్కడ కూర్చోవాలో వేలితో చూపిస్తుంది. ఆ వేలు చూపిస్తే మేయరైనా గోడవారకి జరగాల్సిందే. అంతటి మనిషి కార్డెల్ పాట ఒక్కటి కూడా చివరిదాకా వినలేదు. మొదటి పద్యంలోనే "ఛీ, నోరు కడుక్కో" అని లేచి వెళ్ళిపోయేది. అయినా తన పెరట్లో పనిముట్ల షెడ్డు అతనికి ఖాళీ చేసి ఇచ్చింది. మైకులో కోళ్ళ అరుపులు పడుతున్నాయని అతను మొత్తుకుంటే, గోడల నిండా కప్పడానికి అమ్మమ్మ కుట్టిన బొంతలు కూడా ఇచ్చింది. ప్రేమ వేరు, మెచ్చుకోవడం వేరు. పెద్దమ్మ దగ్గర మొదటిది పుష్కలంగా దొరుకుతుంది.

ఆ బొంతల మధ్యే కార్డెల్ తన బతుకంతా కట్టుకున్నాడు. మొదట్లో పాత కారు డిక్కీలో సీడీలు వేసుకుని తమ ఊరు గ్రీన్‌వుడ్ చుట్టుపక్కల ఊళ్ళలో సెలూన్లు, కార్లు కడిగే చోట్లు, పెట్రోలు బంకులు తిరిగాడు. ఒకసారి అట్లాంటా నుంచి పెద్ద కంపెనీ వాళ్ళు వచ్చి, పాటలన్నీ మా పేరు మీద రాసెయ్, నిన్ను పైకి తీసుకెళ్తాం అన్నారు. "నేను పైకెళ్ళాక కింద నాదంటూ ఏం మిగులుతుందండీ?" అని అడిగి, వేయించిన చేపలు కడుపునిండా పెట్టించి సాగనంపాడు. ఈ కథ క్షౌరశాలలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పిన ప్రతిసారీ కంపెనీ ఇంకాస్త పెద్దదవుతుంది.

ఆ తర్వాత చేయని పని లేదు. చర్చి గాయక బృందాల పాటలు రికార్డు చేశాడు. కుర్రాళ్ళకి తాళం కట్టి ఇచ్చాడు. రేడియోలో టైర్ల కొట్టుకీ, శవపేటికల దుకాణానికీ ప్రకటనలు చదివాడు. "నీ గొంతు వింటుంటే ఇప్పుడే పోవాలనిపిస్తోందయ్యా" అని ఆ దుకాణం యజమాని మురిసిపోయాడు కూడా. ఇవన్నీ అన్నంలో కూరలు. అన్నం మాత్రం శనివారం రాత్రుల ర్యాప్ కచేరీలే.

ఆ అన్నమే తగ్గుతూ వచ్చింది. కిందటి ఏడాది కాలేజీ పిల్లల దగ్గర పాడి దిగాక ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చి, "సర్, మా అమ్మకి మీరంటే పిచ్చి!" అంది. కార్డెల్ నవ్వి ఫోటో దిగాడు. కారెక్కాక అద్దంలో నెరుస్తున్న తన గడ్డం చూసుకున్నాడు. మనసు చివుక్కుమంది.

పెద్దమ్మ కూతురు ట్విలాకి ఈ సంగతి చెబితే పడీపడీ నవ్వింది. ఆవిడ రేడియోలో పాటలు వేస్తుంది, పెళ్ళిళ్ళకీ పండగలకీ స్పీకర్లు పెడుతుంది. ఆ డెల్టా ఊళ్ళలో ఏ పాట కాళ్ళకెక్కుతుందో ఆవిడ చెప్పిందే లెక్క.

"ఏడుస్తావేంట్రా? అమ్మలకి పిచ్చి అంటే అమ్మల దగ్గరికే పో. కుటుంబాల కలయికలు, గుర్రాల ఊరేగింపులు, చేపల విందులు... ఎక్కడ చూసినా వాళ్ళే వరసలు కట్టి ఆడుతున్నారు. వాళ్ళకో ఆట పాట చెయ్యి."

"నేను ర్యాపర్‌నక్కా."

"ఉండు, ఎవరు వద్దన్నారు? ఫ్యాక్టరీలో చేపలు కోస్తూ కూడా ఉండొచ్చు."

ఆ మాట ఊరికే అన్నది కాదు. పెద్దమ్మ చర్చిలో ఎవరినో పట్టుకుని అతనికి చేపల ఫ్యాక్టరీలో పని మాట్లాడి పెట్టింది. కార్డెల్ గడువు అడిగాడు. జులైలో తమ బంధువులంతా ఒకచోట చేరే కుటుంబాల కలయిక ఉంది. అక్కడ తన పాటకి జనం ఆడితే ట్విలా దాన్ని ఊరూరా తిప్పుతుంది, తన బతుకు తనకుంటుంది. ఆడకపోతే ఆ సోమవారమే ఫ్యాక్టరీకి. పెద్దమ్మ సరే అంది. "షెడ్డు ఖాళీ అయితే నా అంజీరు పండ్ల జాడీలు పెట్టుకుంటాను. వంటింట్లో కాలు పెట్టే చోటు లేదు" అని కూడా అంది. ఆ జాడీల మాట కార్డెల్‌కి ఫ్యాక్టరీ మాటకన్నా గట్టిగా తగిలింది.

పాట పేరు "రుమాలు తియ్యి". చెమట తుడుచుకునే రుమాలు గాల్లో తిప్పుతూ ఆడే ఆట. తాళం బాగా కుదిరింది. మాటలు మరీ బాగా కుదిరాయి. ఎడమకి, కుడికి, వెనక్కి, తిరుగు అని ప్రతి అడుగూ కార్డెలే చెబుతాడు. ప్రతి మాటా సరిగ్గా తాళం దెబ్బ మీద పడుతుంది. అందులో అతన్ని మించినవాడు లేడు.

కలయికకి వారం ముందు, ట్విలా పుట్టినరోజున చర్చి పక్క హాల్లో ఆ పాట వేశారు. ఆడవాళ్ళు ఉత్సాహంగా నాలుగు వరసలు కట్టారు. మొదటి "ఎడమకి" దగ్గర సగం మంది తిరిగారు. మిగతా సగం ఇంకా ఎదురుగానే చూస్తున్నారు. "కుడికి" అనేసరికి ముందువాళ్ళు వెనకవాళ్ళ మీద పడ్డారు. చర్చిలో అందరూ సిస్టర్ అని పిలిచే వాళ్ళ బంధువు మోజెల్ కొత్త విగ్గు చెవి మీదికి జారింది. ఎవరి చేతిలోదో ఆలుగడ్డ సలాడ్ ఇంకెవరి వీపుకో అతుక్కుంది.

"ఒరేయ్ కార్డెల్, ఇది ఆటా, బస్సు యాక్సిడెంటా?" అని మోజెల్ విగ్గు పట్టుకుని అరిచింది. హాలంతా గొల్లుమంది. ట్విలా చప్పున పాత పాటకి మార్చేసింది. అందరూ చక్కగా ఆడారు.

కార్డెల్ మూలన నిలబడి కేకు తిన్నాడు. రుచి తెలియలేదు. పాతికేళ్ళ పనితనం ఒక్క పాటలో నేలపాలైందనిపించింది. ఇంటికొచ్చేసరికి షెడ్డు లోపలి అలమారులో అప్పుడే ఎర్రని గాజు జాడీలు వరసగా కూర్చుని ఉన్నాయి. పెద్దమ్మ సోమవారం దాకా ఆగలేకపోయింది మరి.

మర్నాడు చర్చి వార్షికోత్సవం. రికార్డు చేయడం కార్డెల్ పని. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పియానో పక్కన కూర్చున్నాడు. కార్డెల్ మేనమామ, చర్చి పెద్ద, డీకన్ హోజియా లేచాడు. వాద్యం లేకుండా పాడే పాత కీర్తనలు అందించేది ఆయనే. ఒక పాదం గబగబా అంటాడు. జనం దాన్ని అందుకుని, సాగదీసి సాగదీసి పాడతారు. ఆ సాగదీత ఇంకా తగ్గుతూ ఉండగానే ఆయన తర్వాతి పాదం అందించేస్తాడు.

పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. కానీ ఆ వేళ హెడ్‌ఫోన్లలో మామ గొంతు విడిగా, జనం గొంతు విడిగా వినిపించాయి. మామ మాట ఎప్పుడూ జనం కంటే ముందుంటోంది. మాట అందుతుంది, జనం ఊపిరి తీసుకుంటారు, అప్పుడు పాడతారు. మరి తను? అడుగు వేయాల్సిన క్షణంలోనే అడుగు పేరు చెబుతున్నాడు. చెవిలో పడి కాలికి చేరేలోపు ఆ అడుగు దాటిపోతోంది. దెబ్బ మీద మాట వేయడమే గొప్పనుకుని, పాపం ఆ ఆడవాళ్ళని ఒకరి మీద ఒకరిని పడేశాడు.

కార్డెల్‌కి నవ్వాగలేదు. నిండు చర్చిలో, కీర్తన మధ్యలో, కిసుక్కుమన్నాడు. వెంటనే పక్కన తెల్ల గ్లౌజు ప్రత్యక్షమైంది. అందులో పెప్పర్‌మెంటు బిళ్ళ ఉంది.

"నోట్లో వేసుకుని మూసుకో" అని పెద్దమ్మ పళ్ళ మధ్య నుంచి అంది.

ప్రార్థన అయ్యాక కార్డెల్ చెట్టు నీడలో మామని పట్టుకున్నాడు. "మామా, మాట ఎంత ముందు అందించాలో నీకెలా తెలుస్తుంది?"

"ముందే అందించకపోతే వాళ్ళేం పాడతార్రా, నా మొహమా?" అన్నాడు హోజియా, చికెన్ ముక్క కొరుకుతూ. "వాళ్ళ ఊపిరి చూస్తాను. నీ పాట నిన్న హాలు కిటికీలోంచి విన్నాను. ఒక్క సందు వదలవు కదరా! నువ్వే మాట్లాడతావు, నువ్వే ఊపిరి తీస్తావు. ఇక వాళ్ళెందుకు?"

"నువ్వు కిటికీ దగ్గర ఏం చేస్తున్నావు మామా?"

"అత్తకి చెప్పకు. కాలు కదిపి చూశాను. ఎటూ పోలేదు."

ఆ వారమంతా కార్డెల్ షెడ్డులో జాడీల మధ్య కూర్చుని తన మాటల్ని తనే కోసుకున్నాడు. ఎంతో ఇష్టపడి రాసుకున్న ప్రాసలు పోయాయి. ఇంకెవరికీ నోరు తిరగని వేగంతో అన్న పద్యం పోయింది. దాన్ని తీసేటప్పుడు నిజంగా బాధపడ్డాడు. మిగిలిన ప్రతి మాటనీ అడుగుకి కాస్త ముందుకి జరిపాడు. మధ్యలో ఖాళీలు వచ్చాయి. వాటిని నింపకుండా చేతులు కట్టుకుని కూర్చోవడమే అన్నిటికన్నా కష్టమైంది.

శనివారం మధ్యాహ్నం పార్కులో కుటుంబమంతా ఒకే రంగు టీషర్టులతో చేరింది. పొయ్యిల మీద మాంసం పొగలు కక్కుతోంది. పెద్దమ్మ మడత కుర్చీలో కూర్చుని, ఇంటికి పట్టుకెళ్ళే పళ్ళానికి అల్యూమినియం రేకు చుడుతోంది. ట్విలా పాట వేసింది. వరసలు కట్టినవాళ్ళు తక్కువే. మోజెల్ ముందుజాగ్రత్తగా విగ్గు తీసి సంచిలో పెట్టి, తలకి గుడ్డ కట్టుకుని మరీ వచ్చింది.

కార్డెల్ మైకు అందుకున్నాడు. "ఎడమకి తిరగండమ్మా" అన్నాడు. అని, ఊరుకున్నాడు. ఆ చిన్న ఖాళీలో అందరూ ఊపిరి తీసుకోవడం కనిపించింది. దెబ్బ పడింది. వరసలన్నీ ఒక్కసారి ఎడమకి తిరిగాయి. రుమాళ్ళు పైకి లేచాయి.

రెండో పద్యానికి పొయ్యిల దగ్గరివాళ్ళు వచ్చి చేరారు. హోజియా మామ అత్త ఎదురుగానే దర్జాగా ఆడుతున్నాడు. మూడో పద్యానికి కార్డెల్ అడుగులు చెప్పడం మానేశాడు. చెప్పకుండానే వాళ్ళు తిరుగుతున్నారు.

పాట ఆగింది. ట్విలా ఇంకోటి వేయబోతుంటే కుర్చీలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "అదే వెయ్యి. ఈ రేకు గోలలో నేను సరిగా వినలేదు." చివరిదాకా వింది. కుర్చీలోంచి లేవలేదు, మెచ్చుకోలేదు. ఫ్యాక్టరీ ఊసు కూడా ఎత్తలేదు.

ఆదివారం చర్చి అయ్యాక కార్డెల్ పడుకుని లేచేసరికి పెరట్లో గాజు చప్పుడు. కిటికీలోంచి చూశాడు. పెద్దమ్మ ఇంకా చర్చి టోపీ కూడా తీయలేదు. చేతికొక జాడీ పట్టుకుని షెడ్డులోంచి బయటికి వస్తోంది. "దిక్కుమాలిన షెడ్డు, లోపలంతా ఉక్క, పండ్లు పాడైపోవూ" అని తనలో తను గొణుక్కుంటోంది. గొణుగుడు మధ్యలో ఏదో కూనిరాగం. పాట అతనిదే.

గుమ్మం దాటి, ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, పెద్దమ్మ ఎడమకి తిరిగింది. వంటిల్లు కుడివైపు ఉంది.